ద్వీపవాసము – కుటుంబ విహారములు
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబ విహారములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, సభలో ప్రసంగింపదగినంతటి విషయమా ఇది యని కొంత సంకోచించితిని. పిదప ఆలోచింపగా, ఉద్యోగరీత్యా ఈ ద్వీపమునకు వచ్చిన మన కుటుంబములకు ఇంతకంటె అవసరమైన విషయము అరుదని తోచినది.

మనలో అనేకులము బదిలీ ఉత్తరువు చేతికందిన నాటినుండియే తిరిగిపోవు దినమును లెక్కపెట్ట నారంభింతుము. ఊరిలోని పెద్దలు “కాలాపానీకా, నాయనా!” యని కంట తడిపెట్టుకొందురు. ఇచటికి వచ్చిన వెనుక కార్యాలయము, క్వార్టర్సు, అబర్డీను బజారు – ఈ మూడింటి నడుమ రెండు మూడేండ్లు గడచిపోవును. స్వస్థలమునుండి బంధువులు వచ్చినప్పుడు మాత్రము వారితోపాటు నాలుగు చోట్లు చూచి వత్తుము. ఈ విధముగ జీవించినవారి పిల్లలు ద్వీపమున పెరిగియు ద్వీపమును ఎరుగనివారగుదురు. ఆ నష్టము వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు. సముద్రముచెంత నివసించువారు సముద్రమును ఎరుగకపోవుట ప్రాణాపాయమే యగును. కావున విహారమనగా కాలక్షేపము కాదు, బిడ్డలకు మనము చెప్పింపవలసిన చదువులలో ఒకటి యని నా మనవి.

ఈ చదువులో మొదటి పాఠము సూర్యునిది. మన దేశపు గడియారము కాకినాడకు సమీపముగ పోవు 82½ డిగ్రీల రేఖను అనుసరించి నడచును. 2024 వరకు పోర్టుబ్లెయిరు అను పేరుగల ఈ శ్రీ విజయపురము దానికి పది డిగ్రీలు తూర్పున నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున సూర్యుడు ఇచట సుమారు నలువది నిమిషములు ముందుగ ఉదయించి, ముందుగనే అస్తమించును. డిసెంబరులో సాయంకాలము అయిదు గంటలకే ప్రొద్దు గ్రుంకును. ఆదివారమునాడు తీరికగ ఫలహారము ముగించి, పది గంటలకు బయలుదేరుదమను మన దేశపు అలవాటు ఇచట పనికిరాదు. తెల్లవారుజామున పులిహోర మూట కట్టుకొని బయలుదేరిన కుటుంబమే ద్వీపమును చూడగలదు.

చీకటి యెంత త్వరగ క్రమ్మునో తెలుపు చారిత్రకమైన ఉదాహరణము ఒకటి కలదు. 1872 ఫిబ్రవరి 8వ తేదీన వైస్రాయి మేయో ప్రభువు, నాడు మౌంటు హారియటు అని పిలువబడిన కొండపైకి సూర్యాస్తమయము చూడనెక్కెను. సుమారు 1200 అడుగుల ఆ కొండ దిగి హోప్ టౌను రేవు చేరునప్పటికి చీకటి పడినది. ఆ చీకటిలో షేర్ అలీ యను ఖైదీ కత్తితో పొడువగా ఆయన మరణించెను. రాజప్రతినిధి విహారము సైతము ప్రొద్దు గ్రుంకిన వెనుక అట్లు ముగిసినది! 1891 యుద్ధానంతరము ఇచటికి పంపబడిన మణిపురీ వీరుల స్మారకముగ ఆ కొండకు 2021లో మౌంటు మణిపూరు అని పేరు మార్చిరి. ఛాథం రేవునుండి బాంబూఫ్లాటుకు పడవపై దాటి పోవచ్చును. పిల్లలకు ఆ కొండపై చూపవలసినది దృశ్యమొక్కటియే కాదు, ఆ కథయు చెప్పవలెను.

రెండవ పాఠము పోటుపాటులది. ఒకనాడు మా కుటుంబము ఊరికి దక్షిణమున ఒక చిన్న తీరమునకు పోయినది. నీరు అద్దమువలె నిశ్చలముగ నుండెను. పిల్లలు దిగుటకు తొందరపడుచుండగా, వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు మా మాటలు విని, తెలుగువారని గ్రహించి దగ్గరకు వచ్చెను. శ్రీకాకుళపు తీరమునుండి చిన్ననాడు తండ్రివెంట వచ్చినవాడట. “ఇప్పుడు పాటు బాబూ. నీరు పైకి నెమ్మదిగా కనపడతాది గాని, లోన లాక్కుపోతాది. పోటు తిరిగేదాకా పిల్లల్ని ఒడ్డునే ఆడుకోనీండి,” అనెను. మా అమ్మాయి “తాతా, అది నీకెట్లు తెలియును?” అని అడుగగా, ఆయన నవ్వి, ఒడ్డుననున్న ఒక రాతిని చూపి, “ఆ రాయి తడిసి ఉండి, దాని కింద నీరు లేకపోతే పాటు నడుస్తున్నట్టు, తల్లీ,” అనెను. ఆనాటినుండి మా అమ్మాయి ఏ తీరమునకు పోయినను ముందుగ రాతిని చూచును.

సాధారణముగ దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. ఒక పోటునకు, తరువాతి పోటునకు నడుమ పన్నెండున్నర గంటలకు కొంచెము తక్కువగ నుండును గనుక, ప్రతిదినము సుమారు ఏబది నిమిషములు ఆలస్యమగుచుండును. అమావాస్య, పూర్ణిమల సమీపమున నీటి యెత్తులో తేడా మిక్కిలి అధికమై, ఇచట రెండు మీటర్ల వరకు పోవును. తిథులు తెలుపు పంచాంగము మన తెలుగు ఇండ్లలో గోడకు వ్రేలాడుచునే యుండును. ఏకాదశి ఉపవాసమునకు చూచు ఆ కాగితమునే విహారమునకు పూర్వమును చూచుకొనవచ్చును. పూర్ణిమనాటి లోతైన పాటులో కార్బిన్సు కోవ్ ప్రక్కనున్న రాళ్ళ నడుమ గుంటలలో పీతలు, నక్షత్రపు చేపలు వెదకి చూచుట మా పిల్లలకు సినిమాకంటె ప్రియము. వాగులు సముద్రములో కలియు మడచెట్ల చోట్ల మాత్రము ఉప్పునీటి మొసళ్ళు తిరుగును. అట్టిచోట హెచ్చరిక పలక యున్నను లేకున్నను నీటిలో కాలు పెట్టరాదు.

మూడవ పాఠము గాలిది. అబర్డీను రేవునకు ఎదురుగనే, కొలది నిమిషముల పడవ ప్రయాణములో, 2018 వరకు రాస్ ద్వీపమని పిలువబడిన నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపము కలదు. 1858లో స్థాపింపబడిన ఖైదీల వలసకు అది చాలకాలము పాలనా కేంద్రము. 1941 జూన్ 26 నాటి భూకంపమునకు భవనములు దెబ్బతిన్నవి. మరుసటి యేడు జపాను సేన దిగినది. నేడు చర్చి గోడలను, బంగళాలను మర్రి ఊడలు కౌగిలించుకొని యున్నవి, వాని నడుమ జింకలు మేయుచుండును. అంతటి దొరతనమును చెట్ల వేళ్ళు మ్రింగివేసిన దృశ్యము పెద్దలకును పాఠమే.

ఒక పర్యాయము మేమచట నుండగా హఠాత్తుగ గాలి లేచినది. తిరుగు పడవ కదలలేదు. మా అత్తగారు ఆందోళనతో, “రాత్రి ఇక్కడే ఉండాలా ఏమి నాయనా?” అని అడుగసాగిరి. పడవవాడు మాత్రము తాడు బిగించుకొని, గాలి తగ్గువరకు సముద్రము మనది కాదని హిందీలో తాపీగ చెప్పి కూర్చుండెను. ఒక పెద్దమనిషి కార్యాలయములో తన హోదా చెప్పి తొందరపెట్టెను, గాని పడవవాడు చలింపలేదు. రెండు గంటలపాటు మిగిలిన పులిహోర పంచుకొని తినుచు, అంత్యాక్షరి పాడుకొనుచు కూర్చుంటిమి. పిల్లలకు ఆనాటి విహారములో ఆ రెండు గంటలే మధురములుగ మిగిలినవి. గాలికి హోదా తెలియదని మా అబ్బాయి నేర్చుకొనెను.

ఇంకొక విషయము బరువైనది. 2004 డిసెంబరు 26 ఉదయము భూకంపము, దానివెంట సునామీ ఈ ద్వీపములను ముంచెత్తినవి. దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. సిప్పిఘాట్ పరిసరములలో వరి పండిన భూములు ఉప్పునీటి పాలైనవి. ఆ దారిన పోవునప్పుడు నీటిలో నిలిచిన మోడులను పిల్లలకు చూపి, కారణము చెప్పవలెను. ఆనాడు లిటిల్ అండమానులోని ఓంగీ జాతివారు భూమి కంపించి, సముద్రము వింతగ ప్రవర్తించుట గమనించి, ఎత్తయిన చోటికి తరలిపోయి ప్రాణములు దక్కించుకొనిరి. వారికది పాఠశాలలో కాక పెద్దలనోట వచ్చిన విద్య. భూమి గట్టిగ కంపించినను, నీరు అకస్మాత్తుగ వెనుకకు పోయినను, గవ్వలేరుకొనుటకు ముందుకు పరుగెత్తక, వెంటనే ఎత్తునకు పోవలెనను మాట మన ఇండ్లలో ప్రతి బిడ్డకు ఎక్కములవలె నోటికి రావలెను.

చూడదగినవానితోపాటు చూడరానివియు కలవు. బారాటాంగు సున్నపురాతి గుహలకు పోవు రహదారి జరవా జాతివారి అడవిగుండ పోవును. వాహనములు గుంపుగ, భటుల కాపుతో పోవలెను. దారిలో ఆగుట, ఛాయాచిత్రములు తీయుట, తినుబండారములు విసరుట నిషిద్ధములు. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనలో 2012లో శిక్షలు కఠినము చేసిరి. శిక్షకు భయపడియే కాదు, ఒకరి ఇంటి ముంగిటనుండి పోవునప్పుడు తొంగిచూడరాదను మన ఇంటి మర్యాదను బట్టియు ఆ నియమము పాటింపవలెను.

వండూరువద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయ వనములో, జాలీబాయ్ ద్వీపముచెంత, అడుగున అద్దమమర్చిన పడవలలో కూర్చుండి పగడపు తోటలను చూడవచ్చును. పగడము రాయి కాదు, ప్రాణుల సంఘము. బదిలీపై పోవునప్పుడు జ్ఞాపికగ ఒక పగడపు కొమ్మ పెట్టెలో దాచుకొను ఆచారము కొందరిలో నున్నది. అది 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమును అనుసరించి నేరము. జ్ఞాపికగ పిల్లవాని నోటుపుస్తకములోని బొమ్మ చాలును.

చివరగ, మన తెలుగువారి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపములలో నూటికి సుమారు పదుముగ్గురు తెలుగు మాతృభాషగ గలవారు. ఉత్తర కోస్తానుండి వచ్చి వలలపై జీవించువారు వారిలో అనేకులు. అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922–24లో సాగిన మన్యపు పోరాటములో పాల్గొన్నవారిలో కొందరు ద్వీపాంతర శిక్షపై ఇచటికే వచ్చిరి. సెల్యులర్ జైలు ఏడు బారులలో మూడు మాత్రము మిగిలి, 1979నుండి జాతీయ స్మారకముగ నున్నవి. మన పిల్లలను మొదటి విహారమునకు అచటికే తీసికొనిపోవలెను. తిరుగు టిక్కెట్టు లేక వచ్చిన మన్యపువారిని తలచుకొన్నచో, మూడేండ్ల బదిలీని శిక్ష యని పిలుచుటకు మనకు నోరు రాదు.

సమాజమునకు నాదొక విన్నపము. మన ఉత్సవములు ఉగాదికి, సంక్రాంతికి పరిమితముగ నున్నవి. వానలు తగ్గిన జనవరి మొదలు ఏప్రిలు వరకు నెలకొక ఆదివారము సామూహిక విహార మేర్పరుపవలెను. ప్రతి విహారమునకు మన బెస్త పెద్దలలో ఒకరిని గురువుగ ఆహ్వానింపవలెను. వారు వేదికపై ప్రసంగింపకపోవచ్చును, గాని రాతిని చూచి నీటి నడక చెప్పగల విద్య మన కార్యాలయములలో ఎవ్వరికిని లేదు. అట్లు చేసినచో ఉద్యోగులకు, ఇచట స్థిరపడిన తెలుగువారికి నడుమనున్న దూరమును తగ్గును, పిల్లలకు ప్రాణరక్షకమగు జ్ఞానమును అబ్బును.