తల తిప్పితే లోకం తిరగడం – విటమిన్ ‘డి’ సంగతి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవధి కొద్దిది గనుక నేరుగా విషయానికి వస్తాము. మా తల్లిగారు ఒకనాటి వేకువన పక్క మీద కుడివైపుకు ఒత్తిగిలగానే గది అంతా గిర్రున తిరిగిపోయింది. అర నిమిషంలో తగ్గింది. రుకూలోకి వంగినా, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినా మళ్ళీ అదే వరస. ఒకరు పైత్యమన్నారు, ఇంకొకరు నీరసమన్నారు. మేమేమో బి.పి. అనుకొని నెలల తరబడి మాత్రలు మింగించాము. చివరకు స్నానాల గదిలో పడి మణికట్టు విరిగింది. మేము తెలియక చేసిన ఆ పొరపాటు మరో ఇంట్లో జరగరాదనే ఈ నాలుగు మాటలు.

మన లోచెవిలో సన్నని సున్నపు రవ్వలుంటాయి. తల ఎటు వంగిందో మెదడుకు తెలపడం వాటి పని. అవి ఊడి, పక్కనే ఉన్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లో పడితే, తల కదిలినప్పుడల్లా లోపలి ద్రవాన్ని కదిలిస్తాయి. అందుకే ఈ తిప్పట. ఈ జబ్బును 1921లో బరానీ అనే వైద్యుడు వర్ణించాడు. మంచం మీద పడుకోబెట్టి తల వాల్చి, కనుగుడ్ల అదురు చూసి గుర్తించే పరీక్షను 1952లో డిక్స్, హాల్‌పైక్ అనేవారు చెప్పారు. తలను వరుసగా తిప్పి రవ్వలను స్వస్థానానికి చేర్చే పద్ధతిని 1992లో ఎప్లే ప్రచురించాడు. కొద్ది నిమిషాల పని. మా తల్లిగారికీ దానితోనే నయమైంది.

అయితే ఏడాది తిరగకుండానే మళ్ళీ వచ్చింది. అప్పుడు రక్తపరీక్షలో విటమిన్ ‘డి’ బాగా తక్కువని తేలింది. ఆ రవ్వలు కాల్షియంతో తయారైనవే. ఒంట్లో కాల్షియం లెక్క చూసేది ‘డి’. కనుక రెంటికీ సంబంధం ఉందనుకోవడం సబబే.

దక్షిణ కొరియాలో ఎనిమిది ఆసుపత్రులు కలిసి దీన్ని పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించాయి. రక్తంలో ‘డి’ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవారికి, రెండు పూటలా 400 యూనిట్ల ‘డి’, 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఏడాదిపాటు ఇచ్చారు. ఆ వర్గంలో జబ్బు తిరగబెట్టడం సగటున ఏడాదికి మనిషికి 0.83 సార్లు, రెండో వర్గంలో 1.10. అంటే దాదాపు నాలుగో వంతు తగ్గింది. బొత్తిగా పోలేదు సుమండీ! పైగా రెండో వర్గానికి ఉత్తుత్తి మాత్రలు ఇవ్వలేదు గనుక, ఇదే ఆఖరి మాట అనలేము.

కావున మా మనవి ఇంతే. తిప్పట వచ్చినప్పుడు ముందు చేయవలసింది తల తిప్పే చికిత్స. విటమిన్ దానికి బదులు కాదు. మాటిమాటికీ వస్తుంటే ‘డి’ పరీక్ష చేయించమని డాక్టరు గారిని అడగండి. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల పొట్లాన్ని రోజూ వేసుకోకండి. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ‘డి’ రాదు. ఆరుబయట ఎండ తగలాలి. మాట తడబడినా, రెండుగా కనిపించినా, కాలో చెయ్యో పట్టు తప్పినా ఇది ఆ జబ్బు కాదనుకొని తక్షణం ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇంట్లో అమ్మ “కళ్ళు తిరుగుతున్నాయిరా” అంటే, నీరసమని తోసెయ్యకండి. “ఎప్పుడు తిరుగుతున్నాయమ్మా, ఎటు ఒత్తిగిలితే?” అని ఒక్క ప్రశ్న అడగండి. మేము అడగలేకపోయిన ప్రశ్న అదే.

సెలవు.