కొలతలో మిగిలిన నువ్వుగింజ

(కుంభాభిషేక సభలో చేసిన ప్రసంగ పాఠము)



జీర్ణోద్ధరణ పనులు జరిగిన నెలలలో పలువురు నన్ను ఒకే ప్రశ్న అడిగిరి. "స్వామీ, శాస్త్రము మూరలు, అంగుళములు అనుచున్నది. మేస్త్రీ అడుగులు, ఇంచీలు అనుచున్నాడు. ఇంజనీరుగారి ప్లానులో మీటర్లు, దశాంశములు ఉన్నవి. చివరి అంకెను సవరించి వ్రాసికొనిన దోషమా?" సభలో చెప్పిన సమాధానమునే మీ కొరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

మన కొలత ధాన్యపు గింజతో మొదలగును. ఎనిమిది యవలు ఒక అంగుళము. ఇరువది నాలుగు అంగుళములు ఒక మూర. జనము ఇంచీని కూడ అంగుళమనియే అందురు గాని అది వేరు. హిందూపురము బజారులో పూలు కొనువారికి మూర తెలియనిది కాదు. అమ్మెడి తల్లి మోచేయి పొట్టిదైన మన మాలయు పొట్టిదగును. మాలకు అది చెల్లును, గర్భాలయమునకు చెల్లదు. అందుచేతనే స్థపతి ఒక కొలబద్దను నిర్ణయించుకొని, పని ముగియు వరకు దానినే వాడును.

బోధాయన శుల్బసూత్రములలో అంగుళమునకు 34 నువ్వుగింజలని ఒక లెక్క కలదు. చతురస్రమైన వేదికకు కర్ణము కట్టు విధమును ఆ మహర్షియే చెప్పెను. భుజమునకు దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాలుగవ వంతును కలిపి, ఆ నాలుగవ వంతులో 34వ వంతును తీసివేయవలెను. భుజము 12 అంగుళములనుకొనుడు. 12, 4, 1 కలిసి 17. తీసివేయవలసినది సరిగా ఒక్క నువ్వుగింజ! నేటి లెక్కలో ఇది 16.970588, నిజమైన కర్ణము 16.970563. నాలుగు దశాంశ స్థానముల వరకు అంకెలు ఒక్కటే. అయినను సూత్రము దీనిని "సవిశేషము" అని పేర్కొన్నది. కొంత భేదము గలదని దానికి పలువురు పండితులు అర్థము చెప్పుచున్నారు. యజ్ఞవేదికకు చాలినంత కొలత ఇచ్చి, ఇది పూర్ణము కాదని కూడ సూచించుట ఎంత నిజాయితీ!

ఇక ఆయాది గణితము. యోని తెలియుటకు చుట్టుకొలతను 3 చే గుణించి 8 చే భాగించి శేషము చూడవలెను. 21 మూరలైన శేషము 7, గజయోని, శుభము. 22 మూరలైన శేషము 2, ధూమయోని, వర్జ్యము. ఇచట ఫలమంతయు శేషములోనే ఉన్నది. కనుక 21 మూరల 13 అంగుళములు వచ్చినపుడు కాగితముపై అంకెను దిద్దుట పనికిరాదు. గోడనే దిద్ది, తగిన కొలతకు తేవలెను.

లేపాక్షి బసవన్నను చూడని వారు మన ప్రాంతమున ఉండరు. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులని తరచుగా వ్రాయుదురు. 30, 20 అని వ్రాసినవారును కలరు. అడుగునకు 0.3048 మీటరు చొప్పున 27 అడుగులు 8.2296 మీటర్లు, అనగా 8.23. చదివినవారు ఎవరో సెంటీమీటరు వరకు కొలిచిరని నమ్ముదురు. కొలిచిన చేయి అడుగులతో సరిపెట్టుకొనినదే గదా! ఎనిమిది మీటర్లకు పైగా అనిన చాలును.

ఇవి చెప్పుటకు నాకు అధికారము నా తప్పు వలన వచ్చినది. చాల ఏండ్ల క్రిందట పెనుకొండ ప్రాంతమున ఒక గ్రామాలయములో, జీర్ణమైన విగ్రహమునకు బదులు నూతన విగ్రహము చెక్కించుచుండిరి. పాత పీఠమునే ఉంచదలచిరి. పీఠము మధ్యనున్న చదరపు గుంటను నేనే కొలిచితిని. 9 ఇంచీల 3/8, అనగా 9.375. పుస్తకములో 9.4 అని వ్రాసికొంటిని. శిల్పికి ఫోనులో "తొమ్మిదిన్నర" అని చెప్పితిని. మొదటిసారి ఇంచీలో నలువదవ వంతు, రెండవసారి పదవ వంతు పెరిగి, రెండును కలిసి ఎనిమిదవ వంతు అయినవి. మూడు మిల్లీమీటర్లకు పైగా! ముందుగా దింపి చూడకపోవుటయు నా దోషమే. ప్రతిష్ఠ నాడు విగ్రహపు అడుగుభాగము గుంట అంచుపై నిలిచిపోయినది. ముహూర్తము అరగంటలో ఉన్నది. మేళము ఆగినది. నయనోన్మీలనమైన విగ్రహమునకు ఉలి తగిలింపరాదని, స్థపతి పీఠపు గుంటనే నలువైపుల చెక్కెను. ముహూర్తము దక్కినది గాని, ఆ ఉలి చప్పుడు నాకు ఇప్పటికిని వినబడుచున్నది.

చిన్న సందు మిగిలిన అష్టబంధనము నింపును. ఎక్కువైన రాతిని ఏ బంధనమును తగ్గింపలేదు. కనుక లోపల దిగవలసిన దానిని తక్కువకు, గుంటను ఎక్కువకు సవరించవలెను. స్వామివారికి ధర్మవరము పట్టువస్త్రము తెచ్చునపుడు ఎల్లప్పుడును ఎక్కువకే. తరువాతి అంకె ఐదు గాని, అంతకు ఎక్కువ గాని అయినదా అని చూచెడి బడి సూత్రము లెక్కల పుస్తకమునకు మంచిదే. సవరించినను మొదటి కొలతనుండి ఒక్కసారియే సవరించవలెను, సవరించిన దానిని మరల సవరింపరాదు.

మన ఆలయపు రిజిస్టరులో ఈసారి ప్రతి కొలతను టేపుపై కనబడినది కనబడినట్లే వ్రాయించితిని. భిన్నమైన భిన్నముగనే ఉన్నది. కొలిచిన వారి సంతకము, కొలిచిన బద్ద ఏదియో ఆ ప్రక్కనే ఉన్నవి.