ఉమ్మి పరీక్షలో గీత రాకపోతే

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడు మా ఉపసంఘంలో ఎక్కువ వాదన జరిగింది కరోనా ఉమ్మి పరీక్ష కిట్ల మీదే. ఆరోగ్య నిధిలోంచి కిట్లు కొని కుట్టు కేంద్రాలకు పంచాలని నాలుగు గ్రామ సంఘాలు అడిగాయి. ముక్కులో పుల్ల పెట్టించుకోవాలంటే మనవాళ్ళకు భయం. పావుగంటలో ఫలితం, ఇంట్లోనే చూసుకోవచ్చు అంటే ఎవరికి ఆశ పుట్టదు? అమ్మవచ్చినాయన కాగితంలో అమెరికాలో ఉమ్మి పరీక్షకు అనుమతి ఇచ్చారని కూడా ఉంది. అది నిజమే. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఉమ్మి పరీక్షకు 2020 ఆగస్టులో అక్కడ అత్యవసర అనుమతి వచ్చింది. కానీ అది ల్యాబులో చేసే పీసీఆర్. మన చేతికిచ్చే పట్టీ కాదు. రెండూ ఉమ్మితోనే చేస్తారు గాని, పని వేరు.

పీసీఆర్‌లో వైరస్ జన్యుపదార్థం కొంచెమే ఉన్నా దాన్ని లక్షల రెట్లు పెంచి చూస్తారు. ర్యాపిడ్ పట్టీ దేన్నీ పెంచదు. చుక్కలో వైరస్ ప్రోటీన్ తగినంత ఉంటేనే గీత వస్తుంది. ఉమ్మిలోనేమో అది పలచబడిపోతుంది, చెంబుడు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసినట్టు. అందుకే చాలా పోలికల్లో ఉమ్మి ర్యాపిడ్ కంటే ముక్కు ర్యాపిడే మెరుగని తేలింది.

ముక్కుదైనా పూర్తిగా నమ్మేది కాదు. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ మొదటి యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇస్తూనే, జబ్బున్నవాళ్ళలో అది పట్టేది 50.6 నుంచి 84 శాతం మందినేనని, లేనివాళ్ళకు లేదని చెప్పడంలో మాత్రం 99.3 నుంచి 100 శాతం సరిగ్గా ఉంటుందని చెప్పింది. లక్షణాలుండి నెగెటివ్ వస్తే పీసీఆర్ చేయించాలని కూడా అప్పుడే చెప్పింది. 2021 మార్చిలో కోక్రేన్ వాళ్ళు చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, ర్యాపిడ్ పరీక్షలు లక్షణాలున్నవాళ్ళలో 72 శాతం, లేనివాళ్ళలో 58 శాతం పట్టాయి. కుట్టు కేంద్రం గుమ్మంలో మనం పరీక్షించాలనుకున్నది లక్షణాలు లేనివాళ్ళనే కదా!

మన పొదుపు లెక్కలాగే ఇదీ వేసి చూద్దాం. వెయ్యి మంది ఉన్నాం, పది మందికి జబ్బు ఉందనుకోండి. పరీక్ష నూటికి 60 మందిని పడుతుందనుకుంటే ఆరుగురు దొరుకుతారు, నలుగురు చేతిలో నెగెటివ్ పట్టుకుని మిషన్ల దగ్గర కూర్చుంటారు. జబ్బులేని 990 మందిలో నూటికి ఒక్కరికి తప్పుగా గీత వచ్చినా పది మంది. అంటే గీత వచ్చిన పదహారు మందిలో నిజంగా జబ్బున్నది ఆరుగురికే. మిగతా పది మంది కూలి పోగొట్టుకుని, ఇరుగుపొరుగు చేత మాట పడి ఇంట్లో కూర్చోవాలి.

ఇక వాడకం సంగతి. ఉమ్మి ఇచ్చేముందు కనీసం అరగంట తినకూడదు, తాగకూడదు, కిళ్ళీ, పొగాకు నమలకూడదు. మన పెద్దమ్మలకు అరగంట వక్కపలుకు లేకుండా ఉండమంటే... సరే, నవ్వకండి. పుల్లటి పానీయాలు పట్టీ మీద పడితే జబ్బు లేకున్నా గీత వస్తుంది. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటని చోట పెట్టాలి. మన ఆఫీసు గదిలో మే నెలలో అది కుదిరే పనేనా?

ధర కూడా చూశాం. 2021 మేలో వచ్చిన ఇంటి పరీక్ష కిట్, ముక్కుతో చేసేది, 250 రూపాయలు. ఈయన చెప్పిన ధర దానికి దగ్గరగానే ఉంది. నాలుగొందల మందికి ఒక్కసారి చేస్తే లక్ష రూపాయలు. ఒక్కసారి చేస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది.

అసలు మాకు దిగులు కలిగించింది ఇంకోటి. దగ్గుతో ఉన్న సభ్యురాలిని ఇంటికెళ్ళమంటే, "మీరే పరీక్ష చేయండి, లేదని వస్తే పని ఇవ్వండి" అంది. ఆమెకు కావలసింది పరీక్ష కాదు, పని చేసుకోవడానికి అనుమతి. రోజు కూలి, నెల కిస్తీ మెడ మీద ఉంటే ఎవరైనా అదే అంటారు. లేదని వచ్చిన పట్టీ అలాంటి చోట జబ్బు కంటే ప్రమాదం.

అందుకని ఉమ్మి కిట్లు కొనవద్దని మా సిఫారసు. జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నవాళ్ళను ఆశా అక్క ద్వారా పీహెచ్‌సీకి పంపి ముక్కు పరీక్ష చేయించాలి. నెగెటివ్ వచ్చినా లక్షణాలు తగ్గేదాకా కేంద్రానికి రానివ్వకూడదు. గీత లేతగా వచ్చినా వచ్చినట్టే లెక్క. కిట్ల కోసం అడిగిన సొమ్మును ఇంట్లో ఆగిపోయినవాళ్ళకు ఐదు రోజుల కూలికి ఇవ్వాలి, సంఘం అప్పు కిస్తీ ఒక నెల వాయిదా వేయాలి.

బ్యాంకు లింకేజీ అప్పు వాయిదా మన చేతిలో లేదు. దానికి మేనేజరు గారితో విడిగా మాట్లాడాలి, ఇద్దరు అధ్యక్షురాళ్ళు మాతో రావాలి. ఎవరు వస్తారో భోజనాల లోపు పేర్లు ఇవ్వండి.