నడుము కొలత

మన పల్లెలలో బొజ్జ కలిమికి గుర్తు. బొజ్జ పెరిగినవానిని జూచి "తిన్నది వంటబట్టినది" అని సంతోషింతురు. నేనును బడిలో కూర్చుండి పాఠములు చెప్పుచు కొంత బొజ్జను గడించినవాడనే. కావున పరిహాసమునకై చెప్పుట లేదు.

కడుపున జేరు క్రొవ్వు రెండు విధములు. చర్మము క్రింద చేతికి చిక్కునది యొకటి. లోపల కాలేయము చుట్టును, ప్రేవుల చుట్టును పేరుకొనునది రెండవది. ఈ రెండవదియే అపకారి. దానివలన ఇన్సులిన్ తన పనిని సరిగా జేయజాలదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు వీనికి దారి యేర్పడును. క్రొవ్వు ఎంత యున్నదనుటయే గాక ఎక్కడ నున్నదనునదియు ముఖ్యమని ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే చూపెను. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమునందు అతిస్థూలుని లక్షణములలో ఉదరము పేర్కొనబడియే యున్నది.

తూకము చాలదా యందురేమో. చాలదు. మా వీధిలో నొక రైతు గలడు. కాలుసేతులు పుల్లలవలె నుండును. బరువు ఎత్తునకు తగినంతయే. నడుము మాత్రము 38 అంగుళములు. వైద్యుడు పరీక్షింపగా రక్తమున చక్కెర మిక్కిలి హెచ్చుగా నుండెను. వార్ధక్యమున కండ కరగి క్రొవ్వు పెరుగును; తూకము మారకుండవచ్చును. అదిగాక మనవారికి ఐరోపావారికంటె తక్కువ బరువునకే లోక్రొవ్వు చేరును. అందుచేతనే అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2005లో ఐరోపా పురుషులకు 94 సెంటీమీటర్లు హద్దుగా నిర్ణయించి, దక్షిణాసియా పురుషులకు 90 అనినది. అనగా సుమారు 35½ అంగుళములు. స్త్రీలకు 80, అనగా 31½. గర్భిణులకు ఈ లెక్క వర్తింపదు.

ఇక కొలుచు విధము. మొలత్రాటిని నమ్మరాదు. బొజ్జ పెరిగినకొలది అది క్రిందికి జారి బొజ్జ యడుగున దాగును, పంచెకట్టును అట్లే. ముప్పదియేండ్లుగా మొలత్రాడు బిగువు కాలేదని మురియువారి నెరుగుదును! దర్జీవాని టేపు తెప్పించుకొనుడు. అడుగులు దగ్గరగా నుంచి నిలువుగా నిలిచి, కడపటి ప్రక్కటెముకకును తుంటియెముక పైయంచునకును నడిమిచోటున, నేలకు సమముగా, బిగింపక చుట్టవలెను. ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట చూడవలెను. కొలుచువేళ కడుపు లోనికి లాగుకొనుట మానవసహజము. మనుమనిచేత కొలిపించుకొన్నచో వాడు ఊరకుండడు.

టేపు లేనివారు నూలుత్రాటితో తమ యెత్తు కొలిచి, దానిని సగమునకు మడిచి నడుమునకు చుట్టి చూడవచ్చును. కొసలు కలిసినచో సరే. కలియకున్నచో జాగు చేయక వైద్యుని దర్శించి, చక్కెరయు రక్తపుపోటును చూపించుకొనుడు. త్రాటిని మాత్రము పారవేయవలదు. కొన్ని నెలలకొకమారు మరల చుట్టి చూచుటకు పనికివచ్చును.