చేతికి అలవాటైన కమాండే పరీక్షలో నిలుస్తుంది

(ధర్మపురిలో తెలుగు యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



అయ్యగారు వాక్యం చెబుతారనుకుంటే బల్ల మీద లాప్‌టాప్ పెట్టారేమిటని వెనుక వరుసలో ఎవరో అనుకోవడం విన్నాను. ఈ రోజు నేను మాట్లాడేది సీసీఎన్ఏ పరీక్ష గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పరీక్షకు కావలసిన కమాండ్లను డబ్బు లేనివాళ్లు ఎలా సాధన చేయాలన్న దాని గురించి. నేను వేదాంతం చదివినవాణ్ణి, ఇంజినీరును కాను. ఆ పరీక్ష నేను రాయలేదు కూడా. మా చర్చి వెనుక గదిలో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నదే చెబుతున్నాను.

అసలు దీనిలోకి ఎందుకు దిగానో ముందు చెప్పాలి. మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది. తండ్రి గ్రానైట్ పనికి వెళతాడు. ఆ అమ్మాయి శిక్షణ కోసం తల్లి మెడలో గొలుసు కుదువ పెట్టింది. చేరిన చోట రెండు నెలలు స్లైడ్లు చూపించారు. చివరి వారంలో ఒక పీడీఎఫ్ ఇచ్చి, పరీక్షలో ఇవే వస్తాయి, బట్టీ పట్టమన్నారు. ఆ అమ్మాయి పట్టింది, వెళ్లి రాసింది, తప్పింది. ఇంటికి వచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు నాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, ఆ రెండు నెలల్లో నా చేత్తో ఒక్క కమాండ్ కూడా కొట్టలేదు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను ఇన్నేళ్లుగా కూలి గురించి, భూమి గురించి, పట్టాల గురించి మాట్లాడుతున్నాను. మన పిల్లల చేతికి పనిముట్టు ఇవ్వకుండానే పని వచ్చేసిందని నమ్మించి డబ్బు తీసుకోవడం కూడా అన్యాయమేనని అప్పుడు తెలిసింది.

పరీక్ష సంగతి కొంచెం చెబుతాను. సిస్కో అనే అమెరికా కంపెనీ నెట్‌వర్క్ పరికరాలు తయారు చేస్తుంది. ఆ పరికరాలను నడపడం వచ్చా రాదా అని చూసే మొదటి మెట్టు సీసీఎన్ఏ. ఇప్పుడున్న పరీక్ష సంఖ్య 200-301. ఇది 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. సమయం 120 నిమిషాలు, రుసుము 300 డాలర్లు, పన్ను అదనం. పాసైతే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఒక ప్రశ్న దాటిపోతే మళ్లీ వెనక్కి వెళ్లే వీలు లేదు. తమిళంలో లేదు, తెలుగులో లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. ఇది మన పిల్లల పరిస్థితి.

అయినా ఒక మంచి సంగతి ఉంది. రూటర్‌తో మాట్లాడే ఇంగ్లీషు చాలా చిన్నది. దానికి వ్యాకరణం అక్కరలేదు, యాస అక్కరలేదు. మా నోట్‌బుక్‌లో మొదటి నెలకు రాసుకున్నవి ఎనభై కమాండ్లకు మించవు. వాటిని చేతికి అలవాటు చేసుకోవడమే అసలు పని.

దావీదు సంగతి మీకు తెలుసు. సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో సౌలు తన కవచాన్ని తొడిగితే, దావీదు దాన్ని తీసేశాడు. ఆ కవచం చెడ్డదని కాదు. అది అతనికి అలవాటు లేనిది. గొర్రెల దగ్గర రోజూ తిప్పిన వడిసెలే యుద్ధంలో పనికొచ్చింది. బట్టీ పట్టిన జవాబులు సౌలు కవచం లాంటివి. చూడటానికి బరువుగా, గొప్పగా ఉంటాయి. అడుగు వేయబోతే పడిపోతాం.

మరి మన వడిసెల ఏది? దాని పేరు ప్యాకెట్ ట్రేసర్. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ 1997 నుంచి నడుస్తోంది. దాని వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే ఈ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఇందులో రూటర్లు, స్విచ్‌లు, కంప్యూటర్లు బొమ్మలుగా ఉంటాయి. వాటిని తెర మీద పెట్టి, తీగలు కలిపి, నిజం పరికరానికి ఇచ్చినట్టే కమాండ్లు ఇవ్వవచ్చు. పేద ఇంటి పిల్ల సొంతంగా కొనలేని పరికరాల గది మొత్తం ఒక మామూలు లాప్‌టాప్‌లోకి వచ్చింది.

ఇంటికి వెళ్లి ఈ రాత్రే మొదలుపెట్టడానికి ఒక అభ్యాసం చెబుతాను, రాసుకోండి.

ఒక 2911 రూటర్, ఒక 2960 స్విచ్, రెండు కంప్యూటర్లు పెట్టండి. కంప్యూటర్లను స్విచ్‌కు, స్విచ్‌ను రూటర్‌కు కలపండి. రూటర్ తెరిస్తే పేరు పక్కన > గుర్తు కనిపిస్తుంది. అంటే మీరు గుమ్మం దగ్గర ఉన్నారు. ‘ఎనేబుల్’ కొడితే ఆ గుర్తు # అవుతుంది. లోపలికి వచ్చారు. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ కొడితే మార్పులు చేసే అధికారం వస్తుంది. ‘ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్‌నెట్ 0/0’ అంటే ఆ ఒక్క తలుపు దగ్గరికి వెళతారు. అక్కడ ‘ఐపీ అడ్రస్ 192.168.1.1 255.255.255.0’ అని ఇవ్వండి. తరువాత ‘నో షట్‌డౌన్’. కంప్యూటర్లకు 192.168.1.10, 192.168.1.11 ఇచ్చి, గేట్‌వేగా రూటర్ చిరునామా పెట్టండి. కంప్యూటర్ నుంచి రూటర్‌కు పింగ్ చేయండి. జవాబు వస్తే మీ మొదటి నెట్‌వర్క్ నిలబడినట్టే.

మా గదిలో అందరూ పడిన గోతులు మూడు ఉన్నాయి.

ఒకటి, ‘నో షట్‌డౌన్’ మరచిపోవడం. స్విచ్ తలుపులు మామూలుగా తెరిచే ఉంటాయి. రూటర్ తలుపులు మూసి ఉంటాయి. చిరునామా సరిగ్గా ఇచ్చినా మనం తెరవమని చెప్పేదాకా తెరుచుకోవు. ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ కొట్టి చూస్తే తలుపు మూసి ఉందో తెరిచి ఉందో తెలుస్తుంది. పని జరగనప్పుడు మొదట కొట్టవలసిన కమాండ్ ఇది.

రెండు, దాచుకోకపోవడం. మీరు చేసిన మార్పు ప్రస్తుతానికి మాత్రమే ఉంటుంది. ‘కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్’ కొట్టకపోతే, కరెంటు పోయి వచ్చేసరికి అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఒకసారి కావాలనే దాచకుండా ‘రీలోడ్’ కొట్టి చూడండి. ఆ బాధ ఒక్కసారి పడితే మళ్లీ మరచిపోరు.

మూడు, అక్షరం తప్పు కొట్టినప్పుడు రూటర్ కాసేపు బిగుసుకుపోవడం. పాడైపోయిందని భయపడతారు. మీరు కొట్టింది ఏదో యంత్రం పేరు అనుకుని అది చిరునామా వెతుకుతోంది, అంతే. ‘నో ఐపీ డొమైన్ లుకప్’ ముందే ఇచ్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

కమాండ్ సగమే గుర్తుంటే ప్రశ్నార్థకం గుర్తు కొట్టండి, తరువాత రాగల మాటలు చూపిస్తుంది. ట్యాబ్ మీట మిగతా అక్షరాలు నింపుతుంది. నేర్చుకునేటప్పుడు ఇవి వాడండి. కానీ పరీక్ష ముందు రెండు వారాలు వాటిని మానేసి రాయండి. ఊతకర్ర లేకుండా నడవగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక నోట్‌బుక్ సంగతి. ఎడమ పేజీలో పనిని తెలుగులో రాయండి: "రూటర్‌కు ఏ దారులు తెలుసో చూడాలి." కుడి పేజీలో కమాండ్: ‘షో ఐపీ రూట్’. ప్రతి రోజూ కుడి పేజీ మూసి, ఎడమ పేజీ చూసి కొట్టండి. ఆలోచన మన భాషలో, చేయి యంత్రం భాషలో. తమిళంలో ఆలోచించేవాళ్లు తమిళంలోనే రాసుకోండి, తప్పేమీ లేదు. ఇదే పని ఫోనులో చేయడానికి ఆంకీ అనే ప్రోగ్రాం ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితం. మీకు వచ్చిన కార్డును ఆలస్యంగా, రాని కార్డును తొందరగా మళ్లీ చూపిస్తుంది. హోసూరు బస్సులో వెళ్లేటప్పుడు ఇరవై కార్డులు అయిపోతాయి. యూట్యూబులో జెరెమీస్ ఐటీ ల్యాబ్ అనే చానెల్‌లో మొత్తం పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వాటికి సరిపోయే కార్డులు, ప్యాకెట్ ట్రేసర్ అభ్యాసాలు కూడా ఇస్తారు.

అన్నిటికంటే మేలైన సాధన చెడగొట్టడం. ఇద్దరిద్దరు జతగా కూర్చోండి. ఒకరు పనిచేస్తున్న నెట్‌వర్క్‌లో ఒక్క తప్పు పెట్టాలి. గేట్‌వే మార్చవచ్చు, తలుపు మూయవచ్చు, వీల్యాన్ సంఖ్య తప్పు వేయవచ్చు. రెండోవారు వెతకాలి. దగ్గరి నుంచి దూరానికి వెళ్లాలి: ముందు తన కంప్యూటర్, తరువాత గేట్‌వే, ఆ తరువాత అవతలి నెట్‌వర్క్. రేపు ఉద్యోగంలో మీకు జీతం ఇచ్చేది ఈ పనికే.

ప్యాకెట్ ట్రేసర్ అనుకరణ మాత్రమే. కొన్ని కమాండ్లు అందులో ఉండవు. అది చాలదనిపించినప్పుడు జీఎన్ఎస్3 ఉంది. ఆ ప్రోగ్రాం ఉచితమే. కానీ అందులో నడిపే సిస్కో సాఫ్ట్‌వేరుకు అనుమతి కావాలి. దొంగ కాపీల జోలికి పోవద్దు. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అనే దానిలో ఐదు పరికరాల వరకు నడిపే ఉచిత రూపం వచ్చింది. దానికి కాస్త బలమైన కంప్యూటర్ కావాలి. సీసీఎన్ఏ వరకు ప్యాకెట్ ట్రేసర్‌తోనే చాలా దూరం వెళ్లవచ్చు. పాఠ్యాంశాల్లో పావు వంతు బరువు ఐపీ కనెక్టివిటీకి ఉంది. రౌటింగ్ అభ్యాసాలు అందులోనే హాయిగా చేసుకోవచ్చు.

ఆ పీడీఎఫ్ గురించి సూటిగా ఒక మాట. దాన్ని డంప్ అంటారు. పరీక్ష రాసేవారు ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పుకునే లోపలికి వెళతారు. ఆ మాట తప్పినవారు, అలా వచ్చినవాటిని అమ్మేవారు, కొనేవారు ఒకే తప్పులో ఉన్నారు. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది. దొరకకపోయినా ఇంటర్వ్యూలో ఎదురుగా రూటర్ పెట్టి తలుపు తెరవమంటారు. అప్పుడు ఎవరి పీడీఎఫ్ అడ్డుపడుతుంది? పైగా, మన పిల్లలకు ఏమీ రాదని ముందే అనుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల మాట నిజమని మనమే సాక్ష్యం ఇవ్వకూడదు.

ఇప్పుడు బరువైన మాట. 2012 నవంబరు 7న ఇక్కడికి దగ్గరలోనే నత్తం, అణ్ణా నగర్, కొండంపట్టి కాలనీల మీద దాడి జరిగింది. ఒక దళిత యువకుడు, వేరే కులం అమ్మాయి పెళ్లి చేసుకోవడం దానికి సాకు. 250కి పైగా దళితుల ఇళ్లు దోచుకున్నారు, తగలబెట్టారు. ఆ ఇళ్లలో చాలా మంది బెంగళూరు లాంటి చోట్లకు వెళ్లి పనిచేసి కూడబెట్టుకున్న వస్తువులు బూడిదయ్యాయి.

నెట్‌వర్కింగ్ నేర్చుకుంటే కులం పోతుందని నేను చెప్పను. అలా చెప్పేవారిని నమ్మవద్దు. న్యాయం కోసం కోర్టుకూ వెళ్లాలి, వీధిలోకీ రావాలి. కానీ టీవీని తగలబెట్టగలరు, బీరువాను పగలగొట్టగలరు. వేళ్లకు వచ్చిన పనిని ఎవరూ లాక్కోలేరు. ఏది చదవాలో, ఏ పనిముట్టు ముట్టుకోవాలో మన తాతలకు ఇతరులు నిర్ణయించారు. ఈ రోజు పనిముట్టు ఉచితంగా ఉంది. దారి చూపేవారే కరువు. ఆ కరువును కొందరు వ్యాపారం చేసుకుంటున్నారు.

అందుకే సంఘ పెద్దలకు నా విన్నపం. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు మన చర్చి గదులకు తాళం ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు తెరవండి. నాలుగు పాత కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ చాలు. ఏ కులం, ఏ మతం అని అడగకుండా రానివ్వండి. ఆడపిల్లలు క్షేమంగా ఇల్లు చేరేలా ఒక అక్క బాధ్యత తీసుకోవాలి. కోర్సు పేరుతో డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు ఒకే ప్రశ్న వేయాలి: "మా పిల్ల రోజుకు ఎన్ని గంటలు తన చేత్తో చేస్తుంది?" దానికి సూటి జవాబు లేకపోతే లేచి వచ్చేయండి.

నిర్గమకాండము 35వ అధ్యాయంలో బెసలేలు, అహోలీయాబు అనే ఇద్దరు పనివారు కనిపిస్తారు. దేవుడు వారికి చేతిపని నేర్పు మాత్రమే కాదు, ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడు. మీలో ఎవరు ముందు పాసైతే వారు వెనుకవారి పక్కన కూర్చోవాలి. మా గదికి రుసుము ఇదొక్కటే.

ఆ చెల్లెలు ఇప్పుడు రోజూ వస్తుంది. గొలుసు ఇంకా విడిపించలేదు. పరీక్ష కూడా మళ్లీ రాయలేదు. తొందర లేదు అంటుంది. పోయిన వారం కొత్తగా వచ్చిన తమ్ముడు నెట్‌వర్క్ పనిచేయడం లేదని తల పట్టుకుంటే, ఆమె తెర వైపు కూడా చూడకుండా అడిగింది: "తలుపు తెరిచావా తమ్ముడూ?" వాడు ‘నో షట్‌డౌన్’ కొట్టాడు. తీగ మీద ఎర్ర గుర్తు పచ్చగా మారింది.

లాప్‌టాప్ ఈ బల్ల మీదే ఉంటుంది. భోజనాలయ్యాక ఒక్కొక్కరూ వచ్చి ఆ మొదటి అభ్యాసం మీ చేత్తో చేసి వెళ్లండి.