దారిలో గడిచే టైమ్‌కి జీతం ఉందా?

ఇంగ్లండ్‌లో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లని చూసుకునే హోమ్ కేర్ పనిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ మూడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "అక్కా, రోజంతా రోడ్డు మీదే ఉంటున్నా. జీతం మాత్రం నాలుగు గంటలకే పడుతోంది. ఇది న్యాయమేనా?"

లెక్క వేద్దాం. 8 కాల్స్, ఒక్కోటి 30 నిమిషాలు. మొత్తం 4 గంటలు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి 15 నిమిషాలు, అలా ఏడుసార్లు. అంటే ఇంకో గంటా ముప్పావు. గంటకి 13 పౌండ్ల చొప్పున కాల్స్‌కే కడితే చేతికొచ్చేది 52 పౌండ్లు. దాన్ని 5.75 గంటలతో భాగిస్తే గంటకి 9.04 మాత్రమే. 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71.

ఒక కాల్ నుంచి ఇంకో కాల్‌కి వెళ్లే టైమ్, కనీస వేతనం లెక్కలో పని టైమే. మన ఇంటి నుంచి మొదటి కాల్‌కి, చివరి కాల్ నుంచి ఇంటికి అయ్యేది మాత్రం రాదు. ట్రావెల్‌కి విడిగా ఇవ్వాలని రూల్ లేదు. కానీ ఆ జీతం కాలమంతా కలిపి చూసినప్పుడు సగటు కనీస వేతనం కంటే తగ్గకూడదు.

అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ ఇంట్లోంచి ఎన్నింటికి బయటపడ్డారు, తర్వాతి ఇంటికి ఎన్నింటికి చేరారు, రోజూ రాసుకోండి. రోటా స్క్రీన్‌షాట్, పేస్లిప్ దాచుకోండి. ముందు మేనేజర్‌ని ఈమెయిల్‌లోనే అడగండి. తేలకపోతే ఏకాస్ హెల్ప్‌లైన్ ఉచితం. ప్రభుత్వానికి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చెయ్యొచ్చు.

"అడిగితే వీసా పోతుందేమో" అన్న భయం నాకు తెలుసు. వీసా రద్దు చేసేది మేనేజర్ కాదు, హోమ్ ఆఫీస్. కాకపోతే ఉద్యోగం పోతే స్పాన్సర్ ఆ విషయం తెలియజేస్తారు, తర్వాత సాధారణంగా 60 రోజులే గడువు ఇస్తారు. కాబట్టి తొందరపడి రిజైన్ చెయ్యకండి. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంది, ముందు అందులో వెతకండి. కొత్త వీసా అప్లికేషన్ ఓకే అయ్యాకే కొత్త చోట చేరండి.

ఈ వారం రోటా చేతికి రాగానే ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి. ఉంటానండీ.