కాగితం లేకుండా ఆర్గాన్ మీద ఒకే పాటని నాలుగు రకాలుగా వాయించడం ఎలా?

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన ఒక ఆదివారంతో మొదలుపెడతాను.

మా ఊరి చర్చిలో నేను కీబోర్డు మీద ఆర్గాన్ సౌండ్ పెట్టి వాయిస్తున్నాను. కానుకలు పడుతున్నారు. పాట అయిపోయింది, సంచి ఇంకా సగం వరసల దగ్గరే ఉంది. నా దగ్గర కాగితం మీద ఉన్నది అంతే! చేతులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో చిల్లర శబ్దం ఒక్కటే వినిపించింది. పన్నెండేళ్లు నేర్చుకున్నాను, కానీ కోడ్ కాపీ పేస్ట్ చేసినట్టే వాయించాను అని అప్పుడు అర్థమైంది.

నిజానికి ఆర్గాన్ వాళ్లకి ఇది రోజువారీ పని. 1720లో బాఖ్ హాంబర్గ్‌లో ఒకే భక్తిగీతం మీద దాదాపు అరగంట అప్పటికప్పుడు అల్లి వాయించాడు. విన్నవాళ్లలో ముసలి ఆర్గానిస్టు రైన్‌కెన్ కూడా ఉన్నాడు. ఈ విద్య చచ్చిపోయిందనుకున్నానే, నీలో బతికుందే అని ఆయన మెచ్చుకున్నాడట.

సరే, మనం ఎక్కడ మొదలుపెట్టాలి? ‘ట్వింకిల్ ట్వింకిల్’ తీసుకోండి. స స ప ప ద ద ప. నేను చేసింది ఇదీ.

మొదటిసారి, కుడిచేత్తో పాట, ఎడమచేత్తో ఒక్కటే బేస్ స్వరం. రెండోసారి, ఖాళీలు నింపండి. స నుంచి ప కి దూకకుండా రి గ మ మీదుగా నడవండి. ఒకే స్వరం రెండుసార్లు వస్తే స ని స అని పక్కింటికెళ్లి రండి. మూడోసారి, పాటని ఎడమచేతికి ఇచ్చి నిదానంగా, బరువుగా వాయించండి. పెడల్స్ ఉంటే కాళ్లకి ఇవ్వండి. పైన కుడిచెయ్యి పరిగెడుతుంది. నాలుగోసారి, గ, ద రెండూ కొంచెం దించండి. అదే పాట దిగులుగా మారిపోతుంది. మన సంగతులు కూడా ఇంతే కదా, పాట గుర్తుపట్టేలా ఉండాలి, అలాగే మారుతూ ఉండాలి.

ఒక్క రూల్. తప్పు వచ్చినా ఆగకండి, తాళం వదలకండి. నాకు దీనికే రెండు నెలలు పట్టింది.

మళ్లీ కానుకల టైమ్ వచ్చింది. మూడు రకాలు వాయించాను, రెండు తప్పులు దొర్లాయి. బయటికొచ్చాక ఒక పెద్దమ్మ, “ఇవాళ పాట చాలా పెద్దదిరా నాయనా” అంది. నాకు అదే పెద్ద అవార్డు అండి.

ఈరోజు ఒక్క పాటతో ట్రై చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.